మా, మన, మీ

తెలుగు మాట్లాడేవాళ్లు రోజుకు వందసార్లు ఒక నిర్ణయం తీసుకుంటారు. తీసుకుంటున్నట్టు వాళ్లకే తెలియదు. 'మా ఊరు' అనాలా, 'మన ఊరు' అనాలా? ఎదుటివాణ్ణి కలుపుకుంటే మన. అవతల నిలబెడితే మా. ఉర్దూలో ఈ బెడద లేదు. 'హమారా' ఒక్కటే. అందులో తాను ఉన్నాడో లేడో వినేవాడే ఊహించుకోవాలి. కన్నడంలోనూ అంతే, 'నమ్మ' ఒక్కటే. అయితే పుస్తకాల ఉర్దూ వేరు, మా ఇళ్లలో మాట్లాడే దక్కనీ వేరు. దక్కనీలో 'హమ్' పక్కన 'అపన్' కూడా ఉంది. 'అపన్ జాయేంగే' అంటే నువ్వూ నేనూ కలిసే పోదామని. లక్నో ఉర్దూవాళ్లు వింటే నవ్వుతారు. నవ్వనీ. మరాఠీ, తెలుగు ఇళ్ల మధ్య కాపురం చేసిన భాష కదా, ఎదుటివాణ్ణి కలుపుకోడానికి ఒక మాట దానికి అవసరమైంది.

ఈ మాటల గొడవ ఎందుకెత్తానంటే, ఆ మధ్య మైసూరు వెళ్లాను. మదనపల్లె వాళ్లకు మైసూరు కొత్త కాదు. మా బళ్లో పిల్లల్ని తీసుకుపోయే విహారయాత్ర ఎప్పుడూ అక్కడికే. ఈసారి బెంగళూరులో టూరిస్టు వ్యాను ఎక్కాను. అందరూ తెలుగువాళ్లే. గైడు కోలారు వైపు కుర్రాడు, తెలుగు బాగా వచ్చు. ప్యాలెస్‌లో దర్బారు హాలు చూపిస్తూ 'మన మహారాజావారు' అన్నాడు. చాముండి కొండమీద 1659 నాటి నంది విగ్రహం ముందు 'మన మైసూరు పనితనం చూడండి సార్' అన్నాడు. ఆ రెండు మనల్లోనూ నేనున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి పేర్లూ అడిగి తెలుసుకున్నాడు. శ్రీరంగపట్నంలో వ్యాను దిగగానే నా భుజం మీద చెయ్యేసి, 'సార్, ఇదీ మీ టిప్పు సుల్తాన్ కోట' అన్నాడు.

అతను చెడ్డ మనసుతో అనలేదు. వచ్చిన చుట్టానికి ఇష్టమైన పలహారం ముందు పెట్టినట్టు ఆప్యాయంగానే అన్నాడు. నాకు కోపమూ రాలేదు. కానీ ప్రొద్దున 'మన'లో ఉన్నవాణ్ణి మధ్యాహ్నానికి 'మీ'లోకి ఎలా వెళ్లాను? మధ్యలో జరిగిందల్లా నా పేరు చెప్పటమే. ఇంతకూ చచ్చిపోయిన రాజు ఎవరివాడు?

ముందు ప్యాలెస్ సంగతి చూడండి. పాత కట్టె ప్యాలెస్ 1897లో రాజకుమార్తె పెళ్లి సందడిలో తగలబడింది. ఇప్పుడున్నది హెన్రీ ఇర్విన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గీసిన నమూనా. 1912లో పూర్తయింది. బయట నిలబడి చూస్తే గులాబీరంగు గుంబజ్‌లు, మొగలాయీ కమానులు, మధ్యలో పైకి లేచిన బురుజు. లోపల దేవీదేవతలు, దసరా ఊరేగింపుల చిత్రాలు. ఆదివారం సాయంత్రం దాదాపు లక్ష బల్బులు ఒక్కసారి వెలిగితే చంకలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారు. ఆ గుంబజ్‌లు ఎవరివని అక్కడ ఎవరూ అడగరు. హిందూ రాజు డబ్బు, ఇంగ్లీషువాడి గీత, తురుష్కుల ఆకారం. ఎవరి వాటా ఎంతో తేల్చుకోవాలని ఎవరికీ తోచదు.

అదే మైసూరుకు 1926 నుంచి 1941 దాకా దివానుగా ఉన్నవాడు మీర్జా ఇస్మాయిల్. బృందావన్ తోటలు ఆయన హయాంలో వేసినవే. ఆయన తర్వాత జైపూరుకూ, హైదరాబాదుకూ ప్రధానిగా పనిచేశాడు. ఆ తోటల్లో ఫౌంటెన్ల ముందు నిలబడినప్పుడు 'సార్, మీ మీర్జా ఇస్మాయిల్' అని గైడు నాకు అప్పగించలేదు. అక్కడ ఆయన సర్ మీర్జా, అంతే. తోట వేసినవాడు అందరివాడయ్యాడు, కత్తి పట్టినవాడు మాత్రం నావాడయ్యాడు. ఈ పంపకం ఎవరు చేశారో గాని, బాగా లెక్క చూసుకునే చేశారు.

శ్రీరంగపట్నం కావేరి రెండు పాయల మధ్య చిన్న దీవి. వడయార్లు 1610లో విజయనగరం ప్రతినిధి చేతిలోంచి దాన్ని తీసుకున్నారు. దసరా ఉత్సవం మొదలైందీ ఇక్కడే, మైసూరులో కాదు. రంగనాథస్వామి గుడి ఎదురుగా కొంచెం దూరంలో లాల్ మహల్ పునాదులు మాత్రం మిగిలాయి. టిప్పు ఉన్న ఇల్లు అది. గుడి గంట వినబడేంత దూరం. కోట గుమ్మం పక్కన రెండు మీనార్ల మసీదు. 1799 మే 4న అతని శవం దొరికిన చోట ఒక రాయి పాతారు. దీవి అవతలి కొసన గుంబజ్. తండ్రి హైదర్ కోసం టిప్పు కట్టించింది. నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. లోపల మూడు సమాధులు, హైదర్‌ది, తల్లి ఫఖ్రున్నీసాది, కొడుకుది. దంతం పొదిగిన తలుపులు డల్హౌసీ ప్రభువు ఇచ్చినవట. టిప్పును చంపింది కంపెనీయే, సమాధికి తలుపులు పంపిందీ కంపెనీవాళ్ల గవర్నర్ జనరలే.

మా వ్యానులో ఒక లెక్చరర్ గారున్నారు. మంచి మనిషి, నిఖార్సైన లౌకికవాది. 'మీ టిప్పు' అన్న మాట ఆయన చెవినా పడింది. ఆయన నన్ను ఓదార్చాలనుకున్నారు. గుంబజ్ మెట్ల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టారు. 1791లో మరాఠా సేనలు శృంగేరి మఠాన్ని దోచుకున్నాయి, టిప్పు స్వామివారికి కన్నడంలో ఉత్తరాలు రాసి, శారదాదేవి పునఃప్రతిష్ఠకు డబ్బు పంపించాడు, ఆ ఉత్తరాలు 1916లో మైసూరు పురావస్తు శాఖ డైరెక్టర్ నరసింహాచార్ బయటపెట్టాడు. నంజనగూడు గుడిలో పచ్చల లింగం. రంగనాథుడికి వెండి పాత్రలు. దివాను పూర్ణయ్య బ్రాహ్మణుడు.

ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ముస్లిం పేరున్న ప్రతి జర్నలిస్టుకూ వస్తాయి, లాయరుకు సెక్షన్లు వచ్చినట్టు. అవతలి పక్షం కాగితాలు కూడా వచ్చు. కొడగులో, మలబారులో బలవంతపు మతమార్పిడులు. 1784లో మంగళూరు క్రైస్తవుల్ని వేలమందిని పట్టి శ్రీరంగపట్నానికి నడిపించుకు రావటం. మేల్కోటె అయ్యంగార్లు. ఇవన్నీ తెల్లవాడు అల్లిన కట్టుకథలని కొట్టిపారేసేవాళ్లు మాలో ఉన్నారు. వాళ్లతో నాకు పొత్తు కుదరదు. తెల్లవాడు పెంచి రాశాడు, నిజమే. పెంచడానికి అసలంటూ ఒకటి ఉండాలి గదా.

నా బాధ అసలు రుజువులతో కాదు. ఈ కేసులో నేనెందుకు నిలబడాలన్నది నా బాధ. లెక్చరర్ గారి ప్రేమలో కూడా ఒక షరతుంది. టిప్పు మంచివాడు కాబట్టి నువ్వు మావాడివే అన్నట్టుంది అది. రేపు ఇంకో దస్తావేజు బయటపడి టిప్పు చెడ్డవాడని తేలితే నా సంగతేమిటి? హైదరాబాదులో అద్దె ఇంటికి తిరిగినప్పుడు, ఫోనులో సరేనన్న ఇంటివాళ్లు పేరు చెప్పగానే 'ఊరినుంచి మా చుట్టాలొస్తున్నారండీ' అనేవాళ్లు. ఒకే నెలలో మూడు ఇళ్ల చుట్టాలు కట్టగట్టుకుని దిగారు. వాళ్లకు శృంగేరి ఉత్తరాలు చదివి వినిపిస్తే తాళంచెవులు ఇచ్చేవాళ్లా?

ఇక నా చిన్నతనం. 1990లో దూరదర్శన్‌లో టిప్పు సీరియల్ వచ్చింది. మైసూరు స్టూడియోలో దాని షూటింగు జరుగుతుండగా 1989 ఫిబ్రవరిలో మంటలు లేచి 62 మంది కాలిపోయారు. వాళ్ల పేర్లు ఏ గైడూ చెప్పడు. ఆ గొడవలూ కోర్టులూ దాటుకుని, ఇది కల్పితం అనే ప్రకటన తగిలించుకుని సీరియల్ ప్రసారమైంది. నాకు అప్పుడు పదేళ్లు. మా వీధిలో టీవీ ఉన్నది రెండిళ్లలోనే. ఒకటి కోమట్లది. చాప పరిచి అందరం కూర్చునేవాళ్లం. అయిపోగానే వీధిలో యుద్ధం. టిప్పు వేషానికి పిల్లలందరూ కొట్టుకునేవాళ్లు. నేను ఎర్రగా ఉంటానని నన్ను ఎప్పుడూ తెల్లదొరనే చేసేవాళ్లు. షావుకారుగారి చిన్నవాడు టిప్పు. కొబ్బరిమట్ట కత్తితో నన్ను రోజూ చంపేవాడు. అప్పుడెవడూ వాణ్ణి 'నీకు టిప్పు ఏమవుతాడ్రా' అని అడగలేదు.

రెండేళ్లకు డిసెంబర్ 6 వచ్చింది. హైస్కూల్లో నా పేరు 'టిప్పు' అయింది. వేషానికి ఏనాడూ నోచుకోనివాడికి పేరు ఊరికే వచ్చింది.

తర్వాతి కథ పత్రికలు చదివేవాళ్లకు తెలిసిందే. 2015లో కర్ణాటక ప్రభుత్వం టిప్పు జయంతి మొదలుపెట్టింది, కొడగులో గొడవలై ప్రాణాలు పోయాయి. 2019లో వేరే ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 2022లో మైసూరు బెంగళూరు మధ్య తిరిగే టిప్పు ఎక్స్‌ప్రెస్ వడయార్ ఎక్స్‌ప్రెస్ అయింది. పట్టాలవే, ప్రయాణికులూ వాళ్లే. జయంతి చేసినవాళ్లూ, మానిపించినవాళ్లూ ఒక విషయంలో మాత్రం ఒక్కటే. టిప్పు ముస్లింల సొత్తన్న మాట మీద ఇద్దరికీ తేడా లేదు. ఒకరు దాన్ని మాకు కానుకగా ఇచ్చారు, ఇంకొకరు మా దగ్గర్నుంచి జప్తు చేశారు. మాకు కావాలా అని అడిగినవాళ్లు లేరు.

సరే, వారసత్వం అంటే ఏమిటో ఇంటి లెక్కలోనే చూద్దాం. తండ్రి చనిపోతే పొలం కొడుక్కొస్తుంది. ఆ పొలం మీదున్న అప్పూ వస్తుంది. తండ్రి చేసిన హత్యకు శిక్ష మాత్రం రాదు. ఒకరి పాపం మూట ఇంకొకరు మోయరని మా మదర్సాల్లో పసిపిల్లలకు కూడా చెబుతారు. మరి టిప్పు ఆస్తి ఎవరికి పోయింది? రాజ్యం వడయార్లకూ, కంపెనీకీ, నిజాముకూ పోయింది. ఇంగ్లీషు సిపాయిని నమిలే కొయ్య పులి బొమ్మ లండన్ మ్యూజియంలో ఉంది. రక్తసంబంధీకుల్ని ముందు వెల్లూరుకు, 1806 సిపాయిల తిరుగుబాటు తర్వాత కలకత్తాకు తరలించారు. ఈ వరసలో నేనెక్కడా లేను. చిల్లిగవ్వ ముట్టనివాడికి అప్పుపత్రం పంపించటం ఏ ధర్మం? ఆ లెక్కన 1791 శృంగేరి దోపిడీకి పూనాలో ఎవరి తలుపైనా తట్టాలి గదా. 'మీ పీష్వా' అని ఒక మరాఠీ బ్రాహ్మణుణ్ణి ఎవరైనా నిలదీశారా? నిలదీయకూడదు కూడా. ఆ మర్యాద నాకెందుకు దక్కదు అనే అడుగుతున్నాను.

ఈ వాదన బాగానే ఉంది, దానితో ఆగిపోవచ్చు. కానీ ఆగనివ్వని సంగతి ఒకటుంది. దరియా దౌలత్ తోటలో 1784లో కట్టించిన టేకు మహల్ ఉంది. పడమటి గోడ నిండా పొల్లిలూరు యుద్ధం. 1780లో కర్నల్ బెయిలీ సేనను హైదర్, టిప్పు చిత్తుచేసిన యుద్ధమది. గుర్రాలు, ఏనుగులు, మధ్యలో పల్లకీలో చిక్కుకుపోయిన తెల్లదొర. ఆ గోడ ముందు నిలబడితే నా ఛాతీ పొంగింది. అబద్ధమెందుకు? పొంగింది. పాపం నాది కాదన్నవాణ్ణి, ఈ పొంగు మాత్రం నాదెలా అవుతుంది? ఆస్తి తీసుకుని అప్పు ఎగ్గొట్టేవాణ్ణి మనూళ్లో ఏమంటారో తెలుసు. గర్వం పుచ్చుకుంటే సిగ్గు కూడా పుచ్చుకోవాలి. సిగ్గు వద్దంటే గర్వం కూడా అక్కడే పెట్టి రావాలి. ఇది నాకే కాదు, దేశంలో విగ్రహాల ముందు ఛాతీ పొంగించే ప్రతివాడికీ వర్తిస్తుంది.

అదే గోడమీద ఒక మూల ఇంకో సేన వస్తోంది. యుద్ధం అయిపోయాక తీరిగ్గా వస్తున్న నిజాం సేన అని చెబుతారు. టిప్పు తన గోడమీద వేయించుకున్న హాస్యం. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, నాకు నవ్వొచ్చింది. ఇదిగో, 'మీ' అన్న మాటకు అసలు చిక్కు ఇక్కడుంది. 1792లో టిప్పు సగం రాజ్యమూ, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలూ ఇచ్చుకుని, ఇద్దరు కొడుకుల్ని తాకట్టు పెట్టిన సంధిలో వాటాదారు నిజాం. 1799లో ముట్టడికి నిజాం సేనను నడిపించినవాడు మీర్ ఆలం. ఆ సేనకు తోడుగా నడిచిన తెల్ల పటాలానికి నాయకుడు ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించినవాడు. ఇక్బాల్ తన ఫారసీ కావ్యం 'జావీద్ నామా'లో దక్కన్ ద్రోహి మీర్ సాదిక్‌ను నరకం కూడా చేర్చుకోలేదన్నాడు. మావాళ్లకు మీర్ సాదిక్ పేరు ఇప్పటికీ తిట్టు. మీర్ ఆలం పేరు మాత్రం హైదరాబాదులో ఒక చక్కటి చెరువుకుంది. సాయంత్రం పూట పిల్లల్ని షికారు తీసుకెళ్తాం.

ఇప్పుడు చెప్పండి, నేను ఎవరి పక్షం? కోటలో ఉన్నవాడూ కలిమా చదివినవాడే, కోట బయట ఫిరంగుల వెనకున్న వాళ్లలో కూడా కలిమా చదివినవాళ్లున్నారు. కోటలోపల ఆ రోజు కాపలా కాసినవాళ్లలో హిందువులున్నారు. 'మీ సుల్తాన్' అన్న కుర్రాడు ఈ గోడ సరిగ్గా చూడలేదు.

మా ఊరి లెక్క ఇంకా వేరు. మదనపల్లె దగ్గర్లోనే గుర్రంకొండ. హైదర్ బావమరిది మీర్ రజా అలీఖాన్ ఏలిన కోట. 1799 తర్వాత అది నిజాం చేతికొచ్చింది. 1800లో నిజాం తన వంతుగా వచ్చిన ఆ సీమనంతా సైన్యం ఖర్చుల కింద కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అయ్యాం. మన్రో వచ్చి పొలాలు కొలిపించాడు. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో పెట్టుకునేదాకా మా పేరు ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన నేల, అంతే. పాతికేళ్లలో హైదరుకు, టిప్పుకు, నిజాముకు, కంపెనీకి వరసగా శిస్తు కట్టినవాళ్లు మా ముత్తాతలు. వాళ్ల పక్క పొలంలో అదే శిస్తు కట్టిన రెడ్లు, బోయలు, మాలమాదిగలు. శ్రీరంగపట్నం కూలితే మా బతుకు మారింది. నాదీ, నన్ను కొబ్బరిమట్టతో చంపిన షావుకారు కొడుకుదీ. టిప్పుతో నాకు చుట్టరికమంటూ ఉంటే ఈ శిస్తు పుస్తకంలో ఉండాలి. అందులో వాడికీ నాకూ సమానవాటా. అందుకే గైడుతో తిరుగు ప్రయాణంలో అన్నాను, 'తమ్ముడూ, నీది కోలారు. హైదర్ పుట్టింది మీ వైపే, బూదికోటలో. మీ టిప్పు అని నేను నీతో అనాలి' అని. అతను పగలబడి నవ్వాడు. 'అయితే మన టిప్పు అందాం లెండి సార్' అన్నాడు.

అనొచ్చు. ఆ మాటకు నాకు సంతోషమే. కానీ 'మన' అనేది ఒంటరిగా పలికే మాట కాదు. 'మా' అని నేనొక్కణ్ణే గోడెక్కి అరవొచ్చు. 'మన' అనాలంటే ఎదుటివాడు ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్లుంటే? ఒప్పుకోకపోవడానికి వాళ్లకు కారణముంటే?

ఈ ప్రశ్న తీసుకునే మర్నాడు ఒక్కణ్ణే బస్సులో మేల్కోటె వెళ్లాను. కొండమీద యోగనరసింహస్వామి, కింద చెలువనారాయణస్వామి. రామానుజులు ఉన్న ఊరు. మండ్యం అయ్యంగార్లలో చాలామంది నరకచతుర్దశి నాడు దీపాలు పెట్టరు. టిప్పు మనుషులు ఆ రోజున తమ పూర్వీకుల్ని చంపారని వాళ్ల ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎంతమంది, ఏ సంవత్సరం అన్న వాదనలు పండితులవి. పండగనాడు చీకట్లో కూర్చోవటం ఆ ఇళ్లది.

గుడివీధిలో పుళియోగరె అమ్మే ఒక పెద్దాయన దగ్గర ఆగాను. 'ఏ ఊరప్పా' అన్నాడు. చెప్పాను. పేరడిగాడు. అదీ చెప్పాను. ఒక క్షణం నావైపు చూసి ఆకులో పొట్లం కట్టే పని సాగించాడు. 'స్వామీ, మీ ఇంట్లో కూడా దీపాలు పెట్టరా' అని అడిగాను. పెట్టమన్నాడు. మా అవ్వ పెట్టలేదు, మా అమ్మ పెట్టలేదు, మేమూ పెట్టం. అంతే చెప్పాడు, తిట్టలేదు, సుల్తాను పేరు కూడా ఎత్తలేదు. ఆయన ముందు 'మన టిప్పు' అనే హక్కు నాకు లేదు. శృంగేరి ఉత్తరాల ఊసెత్తే హక్కు అంతకన్నా లేదు.

పొట్లం చేతికిస్తూ ఆయనే అన్నాడు, మనవలు బెంగళూరులో ఉంటారట, పక్క ఫ్లాట్ల పిల్లలతో కలిసి టపాసులు కాలుస్తున్నారట. వద్దంటే, 'ఎప్పుడో జరిగినదానికి మేమేం చేశాం తాతా' అంటున్నారట. అది ఫిర్యాదులా చెప్పాడో, మామూలు కబురులా చెప్పాడో నాకు అంతుపట్టలేదు. బస్సులో కూర్చున్నాక ఆ పిల్లల మాట నాదే అనిపించింది. అయినా నా కోసం ఆ ఇంట్లో దీపం వెలగాలని నాకు లేదు. ఆ చీకటి ఆ పెద్దాయన అవ్వది, అమ్మది. దాన్ని ఓట్ల కోసం మా వీధుల మీదికి తోలుకొచ్చేవాళ్లతో నాకు పేచీ ఉంది, ఆయనతో లేదు. పుళియోగరెలో కారం బాగా వేశాడు. మండ్య దాటేదాకా నీళ్లు దొరకలేదు.